వేసవిలో పిల్లల ఇంగ్లిష్ రివ్యూ: వర్క్‌బుక్కా, యాపా, సెంటరా, ట్యూటరా?

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో నాలుగో తరగతి పూర్తి చేసి, ఇక్కడ టెక్సస్‌లో ఐదో గ్రేడ్‌లో చేరాడు. మూడో వారంలో టీచరు వాడి ఎస్సే కింద "ప్లీజ్ రివైజ్" అని రాసింది. వాడు బుద్ధిగా కూర్చుని ఆ ఎస్సేని నాలుగుసార్లు చదువుకుని, దాదాపు అప్పజెప్పేంతగా నేర్చుకుని, ఒక్క అక్షరం మార్చకుండా తిరిగి ఇచ్చేశాడు. మళ్ళీ అదే మార్కు వచ్చింది. "పిన్నీ, నేను రివిజన్ చేశాను కదా, మరి ఎందుకు పెరగలేదు?" అని ఏడుపు మొహం పెట్టి అడిగాడు.

వాడి తప్పేమీ లేదు. మనకు రివిజన్ అంటే పరీక్ష ముందు మళ్ళీ చదవడం. ఇక్కడి స్కూళ్ళలో రివైజ్ అంటే రాసినదాన్ని మార్చడం. పేరాలు అటూ ఇటూ జరపాలి, పస లేని వాక్యం తీసేయాలి, ఒక ఉదాహరణ చేర్చాలి. స్పెల్లింగులు, కామాలు సరిచేసుకోవడాన్ని ఎడిటింగ్ అంటారు, అది వేరే పని. మనం చదివేసిన పాఠాన్ని మళ్ళీ తిరగేయడానికి వీళ్ళు వాడే మాట రివ్యూ.

మే నెల వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "వేసవిలో ఇంగ్లిష్ రివ్యూకి ఏది మంచిది?" ఒకరు వర్క్‌బుక్ అంటారు, ఒకరు యాప్ అంటారు, ఇంకొకరు ఫలానా సెంటర్‌లో చేర్పించమంటారు. అందరూ నిజమే చెప్తారు, వాళ్ళ పిల్లలకు పనికొచ్చింది కాబట్టి. కానీ మీ అబ్బాయికి ఎక్కడ చిల్లు పడిందో వాళ్ళకు తెలియదు. చిల్లు ఎక్కడుందో చూడకుండా ఏది కొన్నా డబ్బు పోవడం ఒక ఎత్తు, పదకొండు వారాల సెలవులు పోవడం ఇంకో ఎత్తు. నేను రెండూ పోగొట్టుకున్నాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక్కడి ఇంగ్లిష్‌లో ఏముంటుంది

ఇక్కడ ఆ సబ్జెక్టు పేరే ఇంగ్లిష్ లాంగ్వేజ్ ఆర్ట్స్. మన దగ్గరలా పాఠం, పద్యం, ప్రశ్న-జవాబులు, గ్రామర్ అని విడదీసిన పుస్తకం ఉండదు. 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలు దీన్ని చదవడం, రాయడం, మాట్లాడటం-వినడం, భాషా నియమాలు అని విభజించాయి. టెక్సస్, వర్జీనియా వాటిని అసలు తీసుకోలేదు. టెక్సస్‌కి టెక్స్ అనే సొంత ప్రమాణాలున్నాయి. వర్క్‌బుక్ అట్ట మీద "కామన్ కోర్" అని ఉంటే టెక్సస్ పిల్లలకు పనికిరాదేమో అని చాలామంది కంగారు పడతారు. ఆ కంగారు అక్కర్లేదు. ఏ గ్రేడ్‌లో ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గర తేడాలుంటాయి గానీ, నేర్చుకోవలసిన అసలు సరుకు ఒకటే.

ఆ సరుకు ఏమిటంటే, చదివినదాంట్లో మెయిన్ ఐడియా పట్టుకోవడం, రాసినవాడు నేరుగా చెప్పనిదాన్ని ఊహించడం, ఆ ఊహకు ప్యాసేజ్‌లోంచే ఆధారం చూపించడం, పక్క మాటలను బట్టి కొత్త మాటకు అర్థం తెలుసుకోవడం, కథకు థీమ్ ఏమిటో చెప్పడం. రాతలో మూడు రకాలు: ఒక అభిప్రాయాన్ని వాదించి నిలబెట్టడం, ఒక విషయాన్ని వివరించడం, జరిగినదాన్ని కథలా చెప్పడం. ఇండియా నుంచి వచ్చిన పిల్లలకు యాక్టివ్ వాయిస్, ప్యాసివ్ వాయిస్, డైరెక్ట్ స్పీచ్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ బ్రహ్మాండంగా వస్తాయి. "ఇది నీకెలా తెలిసింది? ప్యాసేజ్‌లో ఎక్కడుంది?" అని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. వాళ్ళను ఎవరూ ఎప్పుడూ అలా అడగలేదు మరి.

టెక్సస్‌లో మూడో గ్రేడ్ నుంచి ఎనిమిదో గ్రేడ్ దాకా ఏటా స్టార్ అనే రాష్ట్ర పరీక్షలో ఇదంతా అడుగుతారు. 2023 వసంతం నుంచి అందులో రాత కూడా వచ్చి చేరింది. ఒక పెద్ద జవాబు రాయాలి. దానికి 5 పాయింట్ల కొలత ఉంటే, 3 పాయింట్లు ఆలోచనను ఎలా పేర్చారు, ఎంత వివరించారు అన్నదానికి, మిగిలిన 2 గ్రామర్, స్పెల్లింగ్, పంక్చుయేషన్‌కి. ఈ 3, 2 అంకెలు ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోదగ్గవి. మన ఇళ్ళల్లో రివ్యూ మొత్తం ఆ 2 పాయింట్ల చుట్టూనే తిరుగుతుంది. వర్క్‌బుక్కుల్లో, యాప్‌లలో కూడా ఎక్కువ భాగం అదే దొరుకుతుంది, ఎందుకంటే కామా తప్పు దిద్దడం తేలిక, ఆలోచన దిద్దడం కష్టం.

కొనేముందు అరగంట

ఒక శనివారం పొద్దున పిల్లని కూర్చోబెట్టుకుని మూడు పనులు చేయండి. పరీక్ష అని చెప్పకండి, టెన్షన్ పడతారు.

మొదటిది, తన గ్రేడ్ స్థాయిలో తను ఎప్పుడూ చదవని ఒక పేజీ ఇచ్చి నిమిషం పాటు బయటికి చదవమనండి. ఫోన్‌లో టైమర్ పెట్టి, తప్పు లేకుండా చదివిన మాటలు లెక్కపెట్టండి. జాన్ హాస్‌బ్రూక్, జెరాల్డ్ టిండల్ అనే పరిశోధకులు 2017లో ఇచ్చిన పట్టిక ప్రకారం, సంవత్సరం చివరికి సరిగ్గా మధ్యలో ఉండే విద్యార్థి మూడో గ్రేడ్‌లో నిమిషానికి 112 మాటలు, నాలుగులో 133, ఐదులో 146 చదువుతారు. పది అటూ ఇటూ అయితే పట్టించుకోకండి. నాలుగో గ్రేడ్ పిల్ల 80 దగ్గర ఆగిపోతుంటే మాత్రం ముందు ఆ సంగతే చూడాలి.

రెండోది, ఒక ప్యాసేజ్ తననే లోపల చదువుకోమని నాలుగు ప్రశ్నలు అడగండి. తర్వాత అదే స్థాయిలో ఉన్న ఇంకో ప్యాసేజ్ మీరు చదివి వినిపించి నాలుగు ప్రశ్నలు అడగండి. విన్నప్పుడు చక్కగా చెప్పి, చదివినప్పుడు తడబడితే ఇబ్బంది అక్షరాలు కూడబలుక్కోవడంలో ఉంది. విన్నా అర్థం కాకపోతే మాటలు తెలియకపోవడమో, ఆ విషయం మీద అవగాహన లేకపోవడమో. ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ 1986లో చెప్పిన లెక్క ఇదే. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాలను విప్పుకునే శక్తిని, భాష అర్థమయ్యే శక్తితో గుణించడం. కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా అవుతుంది.

మూడోది, ఆ ప్యాసేజ్ మీదే ఒక ప్రశ్నకు పది నిమిషాల్లో పేరా రాయమనండి. మీరు పక్కనుంచి లేచి వెళ్ళిపోండి.

మా పాప ఆరో గ్రేడ్‌లో ఉన్నప్పుడు నేను ఇలా చేస్తే నిమిషానికి 160 దాటి చదివింది. అడిగినవన్నీ చెప్పింది. తర్వాత పేరా రాయమన్నాను. ఒక తాతగారు వాన లేకపోయినా రోజూ సాయంత్రం రెండు గొడుగులు పట్టుకుని బస్ స్టాప్‌కి వెళ్తుంటాడు. ఎవరూ దిగరు, ఆయన తిరిగి వచ్చేస్తాడు. "తాతగారు ఎలాంటి మనిషి?" అన్నది ప్రశ్న. మా పాప ఒకే ఒక్క వాక్యం రాసింది: ఆయన చాలా మంచివాడు, బాధలో ఉన్నాడు. అంతే, పెన్సిల్ పెట్టేసింది. నోటితో అడిగితే గలగలా చెప్పింది, "రెండు గొడుగులు ఎందుకమ్మా, ఒకటి వేరేవాళ్ళ కోసం, వాళ్ళు రారు" అని. ఆ ఆలోచనంతా తలలో ఉంది, కాగితం మీదికి రాలేదు. అంతకుముందు ఏడాదంతా నేను తనతో చేయించింది చదివే యాప్! జ్వరం ఒకటైతే మందు ఇంకొకటి వేశాను.

ఇక్కడి టీచర్లు ఈ పేరా రాయడానికి రేస్ అనే పద్ధతి నేర్పుతారు. ప్రశ్నను నీ మాటల్లో తిప్పి చెప్పు, జవాబు ఇవ్వు, ప్యాసేజ్‌లోంచి ఆధారం చూపించు, ఆ ఆధారం జవాబుకు ఎలా సరిపోతుందో వివరించు. మన పిల్లలు ఎక్కువగా నాలుగో మెట్టు ఎక్కరు. "రెండో పేరాలో ఆయన చేతిలో రెండు గొడుగులున్నాయి" అని ఆధారం చూపించి ఆగిపోతారు. "ఒక్కడికి రెండు గొడుగులు అక్కర్లేదు, అంటే ఇంకొకరు వస్తారని ఇంకా ఎదురుచూస్తున్నాడు" అన్న ముక్క దగ్గరే పాయింట్లు ఉంటాయి.

వర్క్‌బుక్

కార్సన్ డెలోసా, ఇవాన్ మూర్ లాంటి ప్రచురణకర్తలవి ఏ పెద్ద షాపులోనైనా దొరుకుతాయి. ధర కూడా తక్కువే. రోజుకు రెండు పేజీలు చేస్తే వేసవి గడిచిపోతుంది, స్క్రీన్ గొడవ ఉండదు, చేతిరాత నిలుస్తుంది. గ్రామర్, పంక్చుయేషన్, మాటల అర్థాలు రివ్యూ చేయడానికి ఇంత చవకైన దారి ఇంకోటి లేదు.

ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు వర్క్‌బుక్ మరీ ఉపయోగం. తెలుగులో ఎ, ఆన్, ది లాంటివి లేవు కాబట్టి వాటిని మింగేస్తారు. "ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్", "డిస్కస్ అబౌట్" మనకు అలవాటైపోయిన మాటలు, ఇక్కడ టీచరు గీత పెడుతుంది. 'కలర్'లో యు అక్షరం రాస్తే స్పెల్లింగ్ తప్పంటారు. ఇలాంటివి పదే పదే చేస్తేనే పోతాయి. ఇక్కడే పుట్టిన పిల్లల తప్పులు వేరు. ఆర్టికల్స్ చెవికే తెలుసు. రెండు మూడు వాక్యాలను ఫుల్‌స్టాప్ లేకుండా కలిపేస్తారు, 'దేర్' మూడు రకాల్లో ఏది ఎక్కడ రాయాలో తికమకపడతారు. ఇద్దరికీ ఒకే వర్క్‌బుక్ కొనకండి. ఇండియా నుంచి వచ్చిన పిల్లకైతే ఒక గ్రేడ్ కిందిది తీసుకున్నా తప్పులేదు.

వర్క్‌బుక్ లోపం వెనక పేజీల్లో ఉంది. ఖాళీలు నింపే ప్రశ్నలకు జవాబులుంటాయి. "నీ మాటల్లో రాయి" అన్న ప్రశ్నకు మాత్రం "జవాబులు మారవచ్చు" అని వదిలేస్తారు. సరిగ్గా మనకు సాయం కావలసిన చోట పుస్తకం చేతులెత్తేస్తుంది. ఎవరో ఒకరు కూర్చుని చదవాలి.

యాప్‌లు, వెబ్‌సైట్లు

ఖాన్ అకాడమీ పూర్తిగా ఉచితం. రీడింగ్, ఒకాబులరీ పాఠాలు గ్రేడుల వారీగా ఉన్నాయి, గ్రామర్‌కు వేరే కోర్సు ఉంది. రీడ్‌వర్క్స్, కామన్‌లిట్ కూడా లాభాపేక్ష లేని సంస్థలే. ప్యాసేజ్‌లు, వాటి కింద ప్రశ్నలు బోలెడన్ని ఇస్తాయి. కామన్‌లిట్ మూడో గ్రేడ్ నుంచి పన్నెండు దాకా ఉంటుంది, మిడిల్ స్కూల్ వాళ్ళకు బాగా సరిపోతుంది. డబ్బు కట్టేవాటిలో మనవాళ్ళు ఎక్కువగా వాడేది ఐఎక్స్‌ఎల్. దానికి డబ్బు కట్టేముందు స్కూల్ లాగిన్‌తో తెరుచుకుంటుందేమో చూడండి, చాలా స్కూళ్ళు తమ పిల్లలకు ముందే కొని ఉంచుతాయి.

ఐఎక్స్‌ఎల్‌లో ఒక్కో నైపుణ్యాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి ఇవ్వడం బాగుంటుంది. కామా ఒక్కటే నేర్పాలంటే కామా ఒక్కటే తీసుకోవచ్చు. అయితే స్కోర్ 90 దాటాక ఒక్క తప్పు చేస్తే బాగా కిందికి పడిపోతుంది. కొంతమంది పిల్లలకు అది పంతం, కొంతమందికి కన్నీళ్ళు. మీ పిల్ల రెండో రకమైతే 80 దగ్గర ఆపమని చెప్పండి, 100 అక్కర్లేదు.

ఏ సైట్ అయినా బలం ఒకటే, తప్పు చేసిన మరుక్షణం తప్పని చెప్తుంది. వర్క్‌బుక్‌లో ఆ తప్పు మనం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూసేదాకా తప్పుగానే ఉంటుంది. బలహీనత కూడా ఒకటే, ఎక్కువగా నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కడమే. పిల్లలు ప్యాసేజ్ చదవకుండా ప్రశ్నలోంచి వెనక్కి వెళ్ళి జవాబు ఏరుకోవడం పది రోజుల్లో నేర్చేసుకుంటారు. మీరు ఒకసారి వెనక నిలబడి చూడండి, పేజీ పైకి కిందికి ఎలా జారుతోందో.

ఏఐ చాట్‌లతో రాతలు దిద్దించుకోవచ్చా అని ఈమధ్య అడుగుతున్నారు. చాట్‌జీపీటీ నిబంధనలే 13 ఏళ్ళలోపు పిల్లలను ఒప్పుకోవు. పెద్దవాళ్ళు వాడి, "ఈ పేరాలో ఏం లోపించిందో రెండు ప్రశ్నలుగా అడుగు, తిరిగి రాయకు" అని చెప్పి, ఆ ప్రశ్నలు పిల్లల ముందు పెడితే ఉపయోగమే. తిరిగి రాయించారంటే ఇక ఆ పిల్ల రాయడం మానేస్తుంది.

సెంటర్లు

కుమోన్ 1954లో జపాన్‌లో ఒక తండ్రి తన కొడుకు కోసం రాసిన లెక్కల కాగితాలతో మొదలైంది. ఇప్పుడు రీడింగ్ కూడా ఉంది. ముందు ఒక పరీక్ష పెట్టి, పిల్లలకు సులువుగా ఉండే స్థాయి నుంచి మొదలుపెడతారు. రోజూ ఇంట్లో కొన్ని కాగితాలు, వారంలో రెండుసార్లు సెంటర్. "ఐదో గ్రేడ్ పిల్లకి మూడో గ్రేడ్ కాగితాలిస్తున్నారేంటి" అని తల్లిదండ్రులు నొచ్చుకుంటారు, అది వాళ్ళ పద్ధతి. చదివే వేగం తక్కువున్న చిన్నపిల్లలకు, రోజూ కూర్చునే అలవాటు లేనివాళ్ళకు అది పనిచేస్తుంది. అక్కడ కొంటున్నది ముఖ్యంగా ఆ అలవాటునే.

ఇంట్లో పట్టుబట్టి రోజూ ఇరవై నిమిషాలు కూర్చోబెట్టగలిగితే సెంటర్ అవసరం చాలామందికి లేదని నా అభిప్రాయం. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, ఇంటికొచ్చేసరికి ఏడైపోయే ఇళ్ళల్లో అది చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు. అలాంటప్పుడు సెంటర్ తప్పు ఎంపిక కాదు. చేరేముందు మాత్రం ఒక మాట అడగండి: "వారానికి మా పిల్ల ఎన్ని పేరాలు సొంతంగా రాస్తుంది, వాటిని ఎవరు చదివి ఏం రాసిస్తారు?" మా పాపని నేను చేర్పించిన ఒక సెంటర్‌లో నాలుగు నెలల తర్వాత ఈ మాట అడిగాను. ఫైల్ తీసి చూపించారు. ఖాళీలు నింపిన కాగితాలు గుట్టగా ఉన్నాయి, అన్నిటి మీదా టిక్కులు, నక్షత్రాలు. పేరా ఒక్కటి లేదు. చేరిన రోజే అడగవలసింది.

ట్యూటర్

రాత బలహీనంగా ఉన్న పిల్లలకు మనిషి కావాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. అందరికీ వారానికి మూడు గంటల ట్యూటర్ అక్కర్లేదు. వారానికి ఒక పేరా రాసి, దాన్ని ఒక మనిషి చదివి, "ఇక్కడ నాకు అర్థం కాలేదు, ఎందుకలా అన్నావు?" అని అడిగితే చాలు.

ఇండియాలో ఉన్న ట్యూటర్లు ఆన్‌లైన్‌లో చెప్తే ఖర్చు బాగా తగ్గుతుంది. వేసవిలో డాలస్‌కి, హైదరాబాద్‌కి పదిన్నర గంటల తేడా. ఇక్కడ సాయంత్రం ఏడైతే అక్కడ తెల్లవారుజామున ఐదున్నర, చాలామంది టీచర్లు ఆ వేళకు ఒప్పుకుంటారు. వాళ్ళలో గొప్పగా చెప్పేవాళ్ళున్నారు. కానీ చేరేముందు మీ పిల్ల రాసిన పేరా ఒకటి పంపి దిద్ది ఇమ్మనండి. తిరిగి వచ్చిన కాగితంలో అన్నీ స్పెల్లింగులు, టెన్స్‌లే దిద్ది ఉంటే గ్రామర్ చెప్పించుకోండి, రాత కోసం వేరేవాళ్ళని చూసుకోండి. "ఈ ఆధారం నీ మాటకి ఎలా సరిపోతుంది?" అని పక్కన రాసి ఉంటే ఆ ట్యూటర్‌ని వదులుకోకండి.

మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. ఇక్కడ చాలా లైబ్రరీలు కార్డు ఉన్నవాళ్ళకు బ్రెయిన్‌ఫ్యూజ్, ట్యూటర్ డాట్ కామ్ లాంటి ఆన్‌లైన్ ట్యూటరింగ్‌ని ఉచితంగా ఇస్తాయి. పిల్ల రాసిన ఎస్సేని పంపితే ఒక ట్యూటర్ చదివి వ్యాఖ్యలు రాసి తిప్పి పంపిస్తారు. మీ ఊరి లైబ్రరీ వెబ్‌సైట్‌లో చూడండి, కనపడకపోతే కౌంటర్ దగ్గర అడగండి. మా పాప ఏడో గ్రేడ్ వేసవిలో వారానికొకటి చొప్పున అలాగే పంపింది. నాకు కోపం వచ్చే చోట ఆ ట్యూటర్‌కి రాదు, తనకీ నా మాట కంటే వాళ్ళ మాట వినబుద్ధేస్తుంది. అమ్మ దిద్దితే గొడవ, బయటివాళ్ళు దిద్దితే పాఠం.

లైబ్రరీ, అమ్మమ్మ

అన్నిటికంటే చవకైనది, నేను అందరికంటే ముందు చెప్పేది, లైబ్రరీ. వేసవి రీడింగ్ ప్రోగ్రాములు జూన్‌లో మొదలవుతాయి, చిన్న చిన్న బహుమతులిస్తారు. లైబ్రరీ కార్డు ఉంటే లిబ్బీ యాప్‌లో ఆడియో పుస్తకాలు ఉచితం. చదవడానికి కష్టపడే పిల్ల పుస్తకం చేతిలో పట్టుకుని ఆడియోతో పాటు కళ్ళు పరిగెత్తిస్తే వేగం పెరగడం నేను మా అక్క కొడుకు దగ్గరే చూశాను. ఏ పుస్తకం చదవాలో వాళ్ళనే ఎంచుకోనివ్వండి. మూడోసారి అదే బొమ్మల కథ తెచ్చుకున్నా ఏమీ అనకండి.

మొన్న వేసవిలో మా అమ్మ ఆరు నెలలకని వచ్చింది. అమ్మకి ఇంగ్లిష్ రాదు. సాయంత్రం వాకింగ్‌లో మనవడిని "ఇవాళ ఏం చదివావురా, చెప్పు" అంటుంది. వాడు తెలుగులో మొదలుపెడతాడు. మధ్యలో అమ్మ ఆపుతుంది. "ఆగాగు, ఆ పిల్లాడు ఇల్లు వదిలి ఎందుకు వెళ్ళాడు? వాళ్ళ నాన్న ఏమన్నాడు?" "నాన్న ఏమీ అనలేదు అమ్మమ్మా." "ఏమీ అనకపోతే ఎందుకు వెళ్తాడురా?" వాడు కాసేపు ఆలోచించి, "ఏమీ అనలేదనే వెళ్ళాడు. పుట్టినరోజుకి కూడా ఏమీ అనలేదు" అన్నాడు. నేను వెనక నడుస్తూ వింటున్నాను. స్టార్ పరీక్షలో అడిగే ఇన్ఫరెన్స్, అంటే నేరుగా చెప్పనిదాన్ని ఊహించడం, ఇదే, ఆధారంతో సహా. తెలుగులో వచ్చిన ఆలోచన ఇంగ్లిష్‌లో రాయడం కష్టమేమో గానీ, అసలు రాని ఆలోచనను రాయించడం ఎవరి తరమూ కాదు. ఇంగ్లిష్ బాగుపడాలని ఇంట్లో తెలుగు మానేసిన వాళ్ళను చూస్తే నాకు దిగులేస్తుంది. అమ్మమ్మలు, తాతయ్యలు వచ్చే వేసవి ఉంటే మీకు డబ్బు కట్టనక్కర్లేని ట్యూటర్ ఉన్నట్టే. కథను క్లుప్తంగా చెప్పడం, ఊహించడం, కారణం చూపడం అన్నీ ఆ వాకింగ్‌లో అయిపోతాయి.

పాత పరీక్ష పేపర్లు, స్పెల్లింగ్ బీ

స్టార్ పాత పేపర్లను రాష్ట్ర విద్యాశాఖ ఉచితంగా పెడుతుంది. కాలిఫోర్నియా పిల్లలకు అక్కడి పరీక్ష స్మార్టర్ బ్యాలెన్స్‌డ్ ప్రాక్టీస్ టెస్టులు అలాగే దొరుకుతాయి. టెక్సస్‌లో అయితే మీ పిల్ల ఏ ప్రశ్న దగ్గర తప్పిందో రాష్ట్రం ఇచ్చే ఫ్యామిలీ పోర్టల్‌లో చూసుకోవచ్చు, స్కోర్ కంటే అది విలువైనది. వేసవి మొదట్లో ఒక పేపర్, చివర ఒక పేపర్ చేయించండి. అంతకు మించి వద్దు. బరువు చూసుకున్నంత మాత్రాన బలం రాదు కదా.

స్పెల్లింగ్ బీ సంగతి కూడా చెప్పాలి, మన ఇళ్ళల్లో దానికున్న మోజు అలాంటిది. 1989లో చిట్టూరి రత్నం గారు మొదలుపెట్టిన నార్త్ సౌత్ ఫౌండేషన్ సంస్థ నడిపే పోటీల్లో మన పిల్లలు వేలమంది పాల్గొన్నారు. 1925 నుంచి జరుగుతున్న జాతీయ స్పెల్లింగ్ బీలో తెలుగు పిల్లలు గెలుస్తుంటే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది. పిల్లకి ఇష్టమైతే తప్పకుండా పంపండి. గ్రీకు, లాటిన్ మూలాలు తెలిస్తే ఒకాబులరీకి ఎంతో మేలు. కానీ దాన్ని స్కూల్ ఇంగ్లిష్ రివ్యూ అనుకోకండి. పేరా రాయలేని పిల్లకి వెయ్యి మాటల స్పెల్లింగులు వచ్చినా పేరా రాదు.

మరి ఎవరికి ఏది

రెండు, మూడు గ్రేడుల్లో ఉండి చదివే వేగం తక్కువైతే, రోజూ పదిహేను నిమిషాలు బయటికి చదివించడం, ఆడియోతో కలిపి చదవడం ముందు చేయండి. ఆరు వారాలైనా కదలిక లేకపోతే సెంటర్. స్కూల్ తెరిచాక టీచర్‌తో మాట్లాడండి, డిస్లెక్సియా (అక్షరాలు కూడబలుక్కుని చదవడంలో ఉండే ఇబ్బంది) లాంటిదేమైనా ఉందేమో పరీక్షించమని రాతపూర్వకంగా అడగండి. సిగ్గుపడవలసిన విషయం కాదు, ఆలస్యం చేయవలసిన విషయం అసలే కాదు.

ఇండియా నుంచి వచ్చి ఏడాది కూడా కాని పిల్లలకు నేనైతే వర్క్‌బుక్, లైబ్రరీ, వారానికి రెండు కామన్‌లిట్ లేదా రీడ్‌వర్క్స్ ప్యాసేజ్‌లు చెప్తాను. డబ్బు కట్టే యాప్ మొదటి వేసవి వద్దు.

చదువుతారు గానీ రాయరు అనే ఐదు నుంచి ఎనిమిదో గ్రేడ్ పిల్లలు మన ఇళ్ళల్లో అందరికంటే ఎక్కువ. వాళ్ళకు యాప్‌లన్నీ ఆపేయండి. వారానికి ఒక పేరా, ఒక మనిషి. మొదట లైబ్రరీ ద్వారా వచ్చే ఉచిత ట్యూటర్‌ని ప్రయత్నించి, చాలకపోతే అప్పుడు డబ్బు పెట్టండి. వచ్చిన వ్యాఖ్యలు చదివి ఊరుకుంటే లాభం లేదు, అదే పేరాని రెండోసారి రాయాలి. మూడు కొత్త పేరాల కంటే ఒక పేరాని మూడుసార్లు మార్చి రాసింది ఎక్కువ నేర్పుతుంది.

అన్నీ బాగానే ఉన్నాయి, మరిచిపోకుండా ఉంటే చాలు అంటే లైబ్రరీ కార్డు సరిపోతుంది. ఊరికే సెంటర్‌లో చేర్పించి పిల్లని విసిగించకండి.

ఏది ఎంచుకున్నా నాలుగు వారాలు ఆగి, మళ్ళీ ఆ శనివారపు అరగంట పెట్టండి. అవే మూడు పనులు, కొత్త ప్యాసేజ్‌తో. పాత పేరాని, కొత్త పేరాని పక్కపక్కన పెట్టి పిల్లనే చూడమనండి. మా అక్క కొడుకు ఐదో గ్రేడ్ చివర్లో అలా చూసుకుని, "పిన్నీ, ఇది రివైజ్ చేయాలి" అని పాత కాగితం తీసుకుని పెన్సిల్ వెతుక్కున్నాడు.